బోర్డూ పలకా

పర్లాకిమిడిలో రైలుగేటు దాటాక
ఆరడుగుల కొట్టొకటి అద్దెకు దొరికింది.
పక్కపక్కన రెండు తీసుకుందామంది మా చెల్లి హైమ,
పనికొకటి, మాటకొకటి.
అడ్వాన్సు లెక్కపెడితే ఒకదానికే సరిపోయింది,
అదీ గొళ్లెం ఊడిపోయినదానికి.

"అయితే గోడ పంచుకుందాం" అంది.
పైసగం నాకు. కిందసగం తనకు.

పైసగానికి బనమాలి మహారణా వచ్చాడు,
నిచ్చెనా, మూడు రంగు డబ్బాలూ, చెవిమీద బ్రష్షూ.
అక్షరానికింతని ఆయన లెక్క. ఒత్తుకి వేరే.
"కలకాలం ఉండేదే రాయించుకో బాబూ,
మళ్లీ మళ్లీ నిచ్చెనెక్కలేను."
ఏముంటుంది మనిషికి, కలకాలం ఉండేది?
పేరు. చేసే పని. తలుపు తీసే వేళ.
రాత్రంతా కూర్చుని మాటలు కోసేశాను.
"శ్రద్ధగా" పోయింది. "నమ్మకంగా" పోయింది.
కుట్టుకి మాత్రం ఒత్తు తప్పలేదు.
చివరికి మిగిలింది:
గున్నయ్య. గొడుగులు, కుట్టుమిషన్లు, టార్చిలైట్లు.
పైన ఒడియాలో, గుండ్రంగా,
గొడుగులే వరసగా విప్పి ఆరబెట్టినట్టు.
కింద తెలుగులో,
తెలుగు రాని బనమాలి నా చీటీ చూసి గీసినట్టు.
ఒక కొమ్ము మర్చిపోయాడు. "గొడుగలు" అయింది.
దిద్దడానికి మళ్లీ నిచ్చెన కూలి అన్నాడు.
వదిలేశాను.

కిందసగానికి హైమ
పాతపట్నం సంతలో పాత నల్లపలక కొంది.
తడిగుడ్డ, సుద్దముక్కలు, అంతే సరంజామా.
రోజూ పొద్దున్నే తుడిచి రాస్తుంది.

మొదటి రోజు: "తెరిచాం."
రెండో రోజు: "నిన్న ఎవరూ రాలేదు. టీ కొట్లో పాలు విరిగాయి."
మూడో రోజు: "గొడుగు ఊచ విరిగేది గాలికి కాదు.
తడిగా మడిచి మూల పెట్టినందుకు."

నాకు తిక్క రేగింది.
కిటుకంతా గోడమీద పెట్టేస్తే నా దగ్గరికెవరొస్తారు?
వచ్చారు.
గుణుపురం పాసింజరు దిగినవాళ్లు
బోర్డు చూసి తలుపెటో పోల్చుకుని
పలక దగ్గర సంచులు దించేవారు.
మహేంద్రగిరి మీద ఇవాళ మబ్బుందా.
మహేంద్రతనయలో నీళ్లు మోకాలా, నడుమా.
సవర జమ్మయ్య తెచ్చిన మిషన్లో, బాబిన్ కింద,
ఎవరిదో చెవిదిద్దు దొరికింది. గుర్తు చెప్పి తీసుకెళ్లండి.
అంకెలు ఒడియావి, మాటలు తెలుగువి.
చదవలేనివాడికి పక్కవాడు చదివి పెట్టేవాడు,
తనదో ముక్క కలిపి.

"నీది గుమ్మం అన్నయ్యా" అంటుంది హైమ,
"నాది గుమ్మంలో నిలబడి మాటాడ్డం."
ముసురు పట్టిన వారం సుద్ద కరిగి మెట్టు మీదికి కారింది.
పూటకోసారి మళ్లీ రాసింది.

భాద్రపదంలో తనకి జ్వరం.
పలక మీద ఆగిపోయిన మాట
"రేపు చెప్తాను."

ఒకరోజు. రెండ్రోజులు. నాలుగు.
పధ్నాలుగు నెలల్లో కొమ్ము సంగతి ఒక్కరూ అడగలేదు.
ఇప్పుడు టీ కొట్టు పద్మనాభం, గేటు కాపలావాడు,
స్కూలు రిక్షాలోంచి వేలాడే పిల్లలు,
"ఏటి చెప్తానంది మీ చెల్లి?"
పాతపట్నం నుంచి ఒకావిడ
గొడుగూ లేదు, మిషనూ లేదు,
అది కనుక్కోడానికే బస్సెక్కి వచ్చింది.
నాలుగు బత్తాయిలిచ్చి వెళ్లింది.

అయిదో పొద్దున గుడ్డ తడిపాను.
తుడవడానికి చెయ్యి రాలేదు.
తన మాట కిందే, నా వంకర రాతలో,
"హైమకి జ్వరం తగ్గింది. రాత్రి గంజి తాగింది.
మిషన్లు శనివారం."

ఇంకా జాగా మిగిలింది.
గేటు పడింది. రైలు వస్తోంది.
దిగేవాళ్లు ఇటే చూస్తారు.
సుద్దముక్క కాసేపు వేళ్లమధ్య తిప్పి
రాశాను:
"పైన గొడుగుకి కొమ్ము లేదు. నాకు తెలుసు."